సలోమి మరిచిపోయిన సంగతి

బల్లకు తల పెట్టుకునే చోట గుండ్రటి కంత ఉంది. దాని మీద పరిచిన పలుచటి కాగితం నా ఊపిరి తగిలినప్పుడల్లా గరగరమంటోంది. నొప్పి మందు ఘాటు, అప్పుడే తుడిచిన నేల తడి వాసన కలిసి ముక్కుకు తగులుతున్నాయి. బోర్లా పడుకున్న నాకు ఆ కంతలోంచి రెండు జానల నేల మాత్రమే కనిపిస్తోంది. ఆ నేల మీదికి రెండు రబ్బరు చెప్పులు వచ్చి ఆగాయి. నడుముకు చికిత్స చేసే అమ్మాయివి. "ఒళ్ళు వదిలెయ్యండి ఆంటీ, బిగబట్టిన్రు" అంది. వదిలేశాననే అనుకున్నాను. "ఇంకా బిగబట్టే ఉన్నరు" అంది మళ్ళీ. ఆ చెప్పుల వంక చూస్తూ ఉండిపోయాను. సలోమి పోయాక ఇలాంటి బల్ల ఎక్కడం ఇదే మొదటిసారి. కంతలోంచి పాదాలు చూడగానే ఆమె, ఆమె అవ్వ, ఆ వాన పట్టిన మధ్యాహ్నం అన్నీ ఒక్కసారిగా వచ్చి నా వీపు మీద కూర్చున్నట్టయింది.

సలోమి నల్గొండలో నడుము, మెడ నొప్పులకు వైద్యం చేసేది. హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివి, ఆపైన కైరోప్రాక్టిక్ నేర్చుకుని వచ్చింది. మందు బిళ్ళ, సూది లేకుండా చేతులతోనే వెన్నుపూసల బిగువు సడలించే పని అది. బోర్డు మీద ఆ పేరు పెద్ద అక్షరాలతో రాయించింది గాని ఎవరికీ నోరు తిరగలేదు. జనం నోట అది 'టక్కుమనే దవాఖాన' అయింది. ఆటోవాళ్ళకు అలా చెబితేనే తెలిసేది. తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు నలభై అయిదు దాటాక, నేను ఆ దవాఖానలో ముందు గదిలో కూర్చుని టోకెన్లు ఇచ్చే పనిలో చేరాను.

నేను ఆ పనిలో చేరడం మా వాళ్ళెవరికీ మింగుడు పడలేదు. మాది దొరల కుటుంబం, మా ఇంటిని ఊళ్ళో గడి అనేవారు. చుట్టుపక్కల భూములన్నీ ఒకప్పుడు గడివే. నా చిన్నతనానికే సగం పోయాయి, నాన్న కాలానికి మిగిలినవీ పోయాయి. గడి పైకప్పు కూలి, ముందు చావడి మాత్రం నిలిచింది. మాకు మిగిలిన ఆస్తి నడక ఒక్కటే. చిన్నప్పుడు నాయనమ్మ నన్ను గోడకు వీపు ఆనించి గంటల తరబడి కూర్చోబెట్టేది. "మన ఇంటి ఆడోళ్ళ నడుము దేవుని ముందర సుత సగమే ఒంగుతది" అనేది. నేను అచ్చం నాయనమ్మలాగే నడుస్తానని చుట్టాలు మెచ్చుకునేవారు. నా పాదాలు కూడా ఆమెవే. బొటనవేలి కంటె రెండో వేలు పొడుగు, కాస్త పక్కకు వంగి ఉంటుంది. అద్దెగదిలో ఒంటరిగా వండుకుని తింటున్న రోజుల్లో కూడా కూరగాయల బండి దగ్గరికి నేను ఆ నడకతోనే వెళ్ళేదాన్ని.

పని అడగడానికి వెళ్ళిన రోజు సలోమి ఎవరో నాకు తెలియదు. పెద్ద చేతులు, కురచగా కత్తిరించిన గోళ్ళు, జేబులో పల్లీలు బెల్లం పెట్టుకుని మధ్య మధ్య నోట్లో వేసుకునే మనిషి. ఏ ఊరని అడిగింది. చెప్పాను. పల్లీలు నమలడం ఆపింది.

"ఎవరింటోళ్ళు?"

"గడి."

ఒక్క క్షణం నన్ను చూసి, గదంతా అదిరేలా నవ్వింది. "మా అవ్వ మీ పొలంల నాట్లేసి, మీ కొట్టంల పెండ తీసి ఒంగిపోయింది. ఇప్పుడు మీరొచ్చి నా దగ్గర టోకెన్లిస్తనంటున్నరు. మా అవ్వకు చెప్తే సారాకొట్టుకు పోయొచ్చినవా పోరీ అంటది."

నేను లేచాను. నా నడుము ఇంకాస్త నిటారుగా అయి ఉంటుంది.

"కూసోండ్రి. పొమ్మన్ననా?" అంది. "గీడికి నడుం నొప్పితోని వస్తరు. మనుషుల్ని నిలవెట్టి మాట్లాడొద్దు. ముందుగాల్ల కూసోమనాలె. ఏదీ, ఒక్కపారి అనుండ్రి."

"కూర్చోండి" అన్నాను.

"అది హుకుం. మళ్ల అనుండ్రి."

నలభై అయిదేళ్ళ మనిషిని, బడిపిల్లలా మళ్ళీ మళ్ళీ ఆ ఒక్క మాట చెప్పాను. చివరికి ఆమె, "నడుస్తది తియ్యి, రెండు నెలలైతే మెత్తవడ్తది" అంది. అవమానంతో చెవులు కాలాయి. అయినా మర్నాడు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక మనిషి నన్ను చూసి జాలిపడకుండా నవ్వింది, అందుకేననిపిస్తుంది.

దవాఖానకు రకరకాల వాళ్ళు వచ్చేవారు. పోచంపల్లి నుంచి మగ్గం నేసేవాళ్ళు బస్సెక్కి వచ్చేవారు. రోజంతా గుంతలో కాళ్ళు పెట్టి, ముందుకు వంగి నేసే పని వాళ్ళది. ఒకాయన లోపలికి వస్తూనే, "డాక్టరమ్మా, నడుమును మగ్గం గుంతల్నే ఇడిచొచ్చిన. కాళ్ళు చేతులే తెచ్చిన. వీటికేమన్న చేస్తవా?" అనేవాడు. "గుంతల ఉన్నదాన్ని ఎలుకలు ఎత్కపోకముందే తెచ్చుకో పో, చేస్తా" అనేది సలోమి. కండక్టర్లు, నాట్లేసే ఆడవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, అందరితోనూ అదే వరస. కానీ చెయ్యి వేసే ముందు మాత్రం ఆమె గొంతు మారిపోయేది. ఎవరైనా సరే, చిన్నా పెద్దా ఎవరైనా, "చెయ్యి పెట్టనా?" అని అడిగేది. వాళ్ళు ఊఁ అనేదాకా ముట్టుకునేది కాదు. కొందరు ఆడవాళ్ళు ఆ ప్రశ్నకే బిత్తరపోయేవారు. వాళ్ళ ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

"అడగకుంట ముట్టుకుంటే ఒళ్ళు తలుపేసుకుంటది అక్కా" అనేది నాతో. అప్పటికి మీరు నుంచి అక్కా, నువ్వులోకి వచ్చింది. నేను డాక్టర్‌గారూ నుంచి సలోమీలోకి వచ్చాను. "టక్కుమన్న సప్పుడుకు అందరు ఖుషీ అయితరు. సప్పుడుదేం లేదు, కీలుల గాలి అది. మనిషి భయం ఇడిచిండా లేదా, గదే చూడాలె."

నా నడుము మీద కూడా ఆమె చాలాసార్లు ప్రయత్నించింది. రోజంతా నిటారుగా కూర్చుని సాయంత్రానికి నేను కర్రలా అయిపోయేదాన్ని. బల్ల మీద పడుకోబెట్టి, అడిగి, అరచేతులు ఆనించి, ఊపిరి వదలమనేది. కాసేపటికి చేతులు తీసేసేది. "నేను నూకబోతుంటె నువ్వు ఎదురు నూకుతున్నవక్కా. గిట్ల బిగవట్టినదాన్ని నూకితే దెబ్బ తగుల్తది. నువ్వు ఇడిచిననాడు చేస్తా." నేను ఎప్పటికీ వదల్లేదు. కావాలని కాదు, నాకు చేతకాలేదు.

నల్గొండ దాకా రాలేని ముసలి ఆడవాళ్ళ కోసం వారానికి ఒకరోజు మా ఊరికి పోవాలని ఆలోచించింది సలోమి. ఊరంటే నాదీ ఆమెదీ ఒకటే, గడి వైపు నేను, ఊరి అవతలి దళితవాడ వైపు ఆమె. మడతపెట్టే బల్ల ఒకటి కొన్నది. ఎక్కడ వేద్దామా అని చూస్తుంటే నేనే అన్నాను, మా చావడి ఉంది కదా అని. చల్లగా ఉంటుంది, పెద్ద పెద్ద తలుపులు. నేను స్వయంగా వెళ్ళి ఊడిపించి, నీళ్ళు చల్లించాను. ఎన్నో ఏళ్ళ తర్వాత మా ఇంట్లో ఒక మంచిపని జరగబోతోందని నా ఛాతీ పొంగింది. సలోమికి కూడా అది ముచ్చటగానే తోచింది.

పొద్దున్నించి ఎదురుచూశాం. ఆడవాళ్ళు వచ్చారు, గడి దర్వాజా దాకా. అక్కడ చెప్పులు విడిచి, చేతిలో పట్టుకుని నిలబడ్డారు. రమ్మంటే ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. లోపలికి వచ్చిన ఇద్దరు ముగ్గురు గోడ వారగా వంగి నడిచి, చావడి మెట్టు కింద నేల మీద కూర్చున్నారు. నడుము నొప్పా అంటే లేదన్నారు. ఎక్కడా నొప్పి లేదన్నారు. మధ్యాహ్నానికి ఎవరూ లేరు.

బల్ల మడతపెడుతూ సలోమి, "మన అకల్ కాలిపోను. ఈ నడుములు ఒంగిందే ఈ దర్వాజల అక్కా. మళ్ల గీడికే తెచ్చి లెవ్వుమంటే లేస్తయా?" అంది. నా మీద కోపంతో అనలేదు. తన తల మీద తనే కొట్టుకుంటూ అంది. నాకు మాత్రం శుభ్రం చేసిన ఆ చావడిని చూస్తుంటే ఎక్కడో కలుక్కుమంది.

తర్వాతి వారం బల్లను వాడలో చర్చి అరుగు మీద వేశాం. ఆ వాడలోకి అడుగుపెట్టడం నాకు అదే మొదటిసారి. అక్కడ జనం విరగబడ్డారు. ఏ ఇంటిదాన్నో ఎత్తకుండా సలోమి నన్ను "మా దవాఖానల అక్క" అని చెప్పింది. పడుచువాళ్ళకు నేనెవరో తెలియదు, తెలిసిన నడివయసు వాళ్ళు తెలియనట్టు ఊరుకున్నారు. నేను మెట్ల దగ్గర అడ్డంగా వేసిన మేజా వెనక కూర్చుని వరస చూసేదాన్ని.

సలోమి ఆ పనంతా ఎవరి కోసం పెట్టుకుందో నాకు మెల్లగా అర్థమైంది. వాళ్ళవ్వ ఎల్లవ్వ. తల్లి చిన్నప్పుడే పోతే సలోమిని పెంచింది ఆమే. నడుము నేలకు సమాంతరంగా ఒంగిపోయి, కర్ర పట్టుకుని, ఎప్పుడూ మట్టినే చూస్తూ నడిచేది. రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోలేక, బోర్లా పడుకోలేక, ఒక పక్కకే ముడుచుకుని పడుకునేది. "అవ్వ నడుము సక్కగ అయితదని కాదు" అనేది సలోమి. "బొక్కలు బెండు లెక్కున్నయ్. టక్కుమనిపిస్తే ఇరుగుతయ్. ఒక్క గంట, కండలు మెత్తవడి, నొప్పి లేకుంట నిద్రవోతే చాలు. నేను అందరి నడుములు పట్టిన. నన్నెత్తుకున్న నడుం పట్టలే."

ఎల్లవ్వ ఒప్పుకునేది కాదు. "బల్లెక్కి పండుడా? పెద్దోళ్ళు కింద తిరుగుతుంటె నేను మీద పండాల్నా? ఏమన్న ఇగురమున్నదా నీకు?" అనేది.

"ఏ పెద్దోళ్ళే? పాస్టరు సుత ఊళ్ళె లేడు గద!"

"పైన యేసయ్య లేడా?"

"ఆయన బల్లకన్న మీదనే ఉన్నడు తియ్, నీకేంది?"

అరుగు మీది ఆడవాళ్ళందరూ పడిపడి నవ్వారు. ఎల్లవ్వ కూడా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా బల్ల ఎక్కలేదు. ఎండాకాలం అలాగే గడిచిపోయింది.

చివరికి ఒక వానపట్టిన మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నప్పుడు, ఆమే కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ముసురుకు నొప్పి ఎక్కువైందట. సలోమి బల్ల కాళ్ళు ఎంత కిందికి దిగుతాయో అంత దించింది. చర్చి లోపల ఒక మూల, పొట్ట కింద దిండ్లు పెట్టి, ముఖం కంతలో ఆనేలా బోర్లా పడుకోబెట్టింది. నేను గుమ్మం బయట ఉన్నాను, మాటలు వినిపిస్తున్నాయి.

"చెయ్యి పెట్టనా అవ్వా?"

"నీ ముడ్డి కడిగి పెంచిన. నన్నడుగుతున్నవా పోరీ?"

"అందర్నడుగుతా. నిన్నడగొద్దా?"

బల్ల కిర్రుమంది. తర్వాత, "పెట్టు మరి" అంది ముసలామె.

వాన చూరు మీద పడుతూనే ఉంది. చాలాసేపటికి ఎల్లవ్వ గొంతు వినిపించింది, మత్తుగా. "అగో... నడుము నాది గానట్టే ఉన్నదే. నిద్రొస్తాంది బిడ్డా." తొంగిచూశాను. సలోమి రెండు చేతులూ ఆ వంగిన వీపు మీద ఊరికే ఆనించి నిలబడింది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి నవ్వి, "అక్కా, వేడినీళ్ళ సంచి తే" అంది మెల్లగా.

తెచ్చాను. చర్చి కదా, చెప్పులు బయట విడిచాను. చప్పుడు కాకుండా నడిచి వెళ్ళి, బల్ల తల వైపు నిలబడి సంచి అందించాను.

ముసలామె ఒళ్ళు ఒక్కసారిగా బిగుసుకుంది. నేను మాట్లాడలేదు, ఆమె నా ముఖం చూడలేదు. సలోమి చెయ్యి వేసి ఆపేలోగానే ఆమె దిండ్లు తోసుకుని, బల్ల మీంచి జారి దిగింది. కర్ర కోసం కూడా చూడకుండా చేతులు జోడించింది. "నీ బాంచెను దొరసానీ... చూడలే. చూడలే."

"కూర్చో అవ్వా" అన్నాను. నాకు వచ్చినంత మెత్తగా అన్నాను. నా మాట విని ఆమె ఇంకా కిందికి వంగింది. అంతలోనే "అవ్వో" అని కూలబడింది. నడుము పట్టేసింది. నులకమంచం తెచ్చి ఇంటికి మోసుకుపోయారు. నేను ఆ వేడినీళ్ళ సంచిని పొట్టకు హత్తుకుని అలాగే నిలబడ్డాను. పట్టుకోవడానికి వెళితే ఆమె మళ్ళీ లేవబోతుందని భయం.

ఆ రోజు నల్గొండకు తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సలోమి పల్లీలు తీసి, మళ్ళీ జేబులోనే వేసుకుంది. తర్వాత చెప్పింది. "అవ్వను అడిగినక్కా, ఎట్ల పట్టినవే అని. ఆ కాళ్ళు నేనెరగనా అన్నది. మీ నాయనమ్మ మొఖం ఎట్లుంటదో మా అవ్వకు తెల్వదట. ఎన్నడు తలెత్తి చూడలేదట. కాళ్ళే ఎరుక."

నా పాదాలను చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కున్నాను.

"నీ తప్పు కాదు. పిల్సింది నేను" అంది. "నాకు యాదే లేదక్కా. నువ్వు గడి బిడ్డవన్న సంగతి నేను మర్చేపోయిన. నువ్వు నాకు మా అక్కవు, అంతే. యాదికుంటే పిలుస్తుంటినా?"

నా బతుకులో నాకు దక్కిన పెద్ద గౌరవం అదే. ఆ మాట కోసం నేను అన్నేళ్ళు తెలియకుండానే ఎదురుచూశానేమో. అది నాకు దక్కిన రోజు, దాని వెల ఒక ముసలామె తన నడుముతో కట్టింది. సలోమి మరిచిపోగలిగింది. నేను కూడా కొంత మరిచిపోయాను. ఆ నడుము మాత్రం మరిచిపోలేదు.

ఎల్లవ్వను చూసి రావాలని ఉండేది. "వద్దక్కా" అనేది సలోమి. "నిన్ను జూస్తే లేస్తది. లేస్తే నొస్తది." అంతకు మించిన శిక్ష ఎవరూ వెయ్యలేరు, పైగా అది శిక్ష కూడా కాదు. నిజం, అంతే. ఆమె మళ్ళీ బల్ల ఎక్కలేదు. "ఆ ఒక్కపారి పండిన, సాలు తియ్" అందట. ఆ చలికాలంలోనే పోయింది, ఒక పక్కకు ముడుచుకునే. పెట్టెలో పడుకోబెట్టబోతే వీపు ఆనలేదు. సరిచెయ్యడానికి సలోమి ముందుకు వంగి, అలవాటు చొప్పున, "చెయ్యి పెట్టనా అవ్వా?" అంది. అని, ఆగిపోయింది. నేను గోడ బయట నేల మీద కూర్చుని విన్నాను.

నేల మీద కూర్చోవడం కూడా సలోమి చెప్పిందే. ఆ వానరోజు ఆటో దిగుతూ అంది. "ఇగ నువ్వు యాడికి వొయినా ముందుగాల్ల కూలవడు. నువ్వు కూసున్నంక ఎవ్వరు లేవరు. నోటితోని కూసోమంటే హుకుమే అయితది, ఏం జేద్దాం, నీ గొంతే గట్లుండె."

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలంలో సలోమి పోయింది. చేర్పించిన పెద్దాసుపత్రి నుంచి ఒక్కసారి ఫోన్ చేసింది. ఊపిరి అందడం లేదు, అయినా మాట తీరు మారలేదు. "నన్నే బోర్లా పండవెట్టిన్రక్కా. మంచానికి కంత సుత లేదు, మెడ పట్టేసింది. వీళ్ళకేమెరుక?" నేను నవ్వాను. ఆమె నవ్వబోయి దగ్గింది. "నడుం ఇడిచినవా?" అని అడిగింది. "ఇంకా లేదు" అన్నాను. "నేనొచ్చినంక చూస్తా" అంది.

ఈ రబ్బరు చెప్పుల అమ్మాయి మంచిదే. కాసేపు ప్రయత్నించి, "ఇయ్యాల వద్దు ఆంటీ, వచ్చేవారం చూద్దాం" అంది. లేచి కూర్చున్నాను. నిటారుగానే కూర్చున్నాను. ఇక ఈ నడుము ఇంతే.

పోయిన నెల వాడకు వెళ్ళాను, సలోమిని తలుచుకుని చర్చిలో ప్రార్థన పెట్టారు. అరుగు మీద నలుగురైదుగురు ముసలి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నన్ను దూరం నుంచే ఆనవాలు పట్టి, ఒకామె మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోయింది. నేను గబగబా నాలుగడుగులు వేసి, కింది మెట్టు మీద కాదు, మెట్టు పక్కన మట్టిలోనే కూలబడి, పాదాలు చీర కిందికి లాక్కున్నాను. పెళుక్కుమంది నడుము.

"ఏందమ్మా, గట్ల కూలవడ్తివి?" అందామె. "నడుం గిట్ల పట్టిందా?"

"పట్టింది అక్కా" అన్నాను.

"మా సలోమి ఉంటే టక్కుమనిపిస్తుండె" అని, లేవబోయిన ఆమె మళ్ళీ కూర్చుంది.